ఆరోగ్య రికార్డులు: ఎక్కడ దాచాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి?

ఆస్పత్రి కాగితాలను ఫోన్లో, కంప్యూటర్లో భద్రపరచుకోవడం గురించి హైదరాబాద్ నగరం నలుమూలల నుంచి పాఠకులు అడిగిన ప్రశ్నలివి. ఒకేలాంటి ఉత్తరాలను కలిపాం. పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాం.

నాన్నగారికి 71 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, రెండు స్టెంట్లు కూడా వేశారు. కాగితాలు రెండు సంచుల నిండా ఉన్నాయి. అన్నీ స్కాన్ చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. కొన్ని ఈసీజీలు ఇప్పటికే పాలిపోయాయి. — మలక్‌పేట

అన్నీ స్కాన్ చేయకండి. సంచిలో దొరకని కాగితం, పేరు లేని మూడొందల ఫోటోల మధ్యా దొరకదు. ముందు ఏవి పాడవుతున్నాయో చూసి వాటితో మొదలుపెట్టండి.

ఈసీజీలు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. అందులో ఇంకు ఉండదు. వేడి తగిలితే నల్లబడే పూత మీద మిషన్ గీతలు గీస్తుంది. ఎండ, ఉక్క, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లు ఆ గీతలను మెల్లగా తినేస్తాయి. భద్రంగా ఉంటుందని ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడిపోతుంది. కాబట్టి ఈసీజీలను ఈ రోజే స్కాన్ చేయండి, కలర్ మోడ్‌లోనే చేయండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెడితే యాప్ వెనకున్న గళ్లను మరకలనుకుని చెరిపేస్తుంది. ఆ గళ్లు లేని ఈసీజీ డాక్టరుకు సగమే పనికొస్తుంది. మామూలుగా కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది, ఒక మిల్లీవోల్టుకు గీత 10 మిల్లీమీటర్లు లేస్తుంది. డాక్టరు గళ్లు లెక్కపెట్టుకునే కొలతలు తీస్తారు. ఫోన్‌ను వాల్చి ఫోటో తీస్తే ఒకవైపు గళ్లు సాగుతాయి, లెక్క తప్పుతుంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ను నేరుగా పైన పట్టుకోండి. అంచులు కత్తిరించకండి. పేరు, తేదీ, వేగం ఉండేది అంచుల మీదే.

ఆ తర్వాత తప్పనిసరిగా తీయాల్సినవి: డిశ్చార్జి సమ్మరీలు, అన్నీ, ఒక్కటీ వదలకుండా. యాంజియోగ్రామ్, స్టెంట్ వేసిన రిపోర్టు. స్టెంట్ ప్యాకెట్ మీది స్టిక్కరు లేదా దానికిచ్చే కార్డు కూడా. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు ఉండేది దాని మీదే. ఎమ్మారై తీసే ముందు శరీరంలో ఏముందని అడిగితే చూపించాల్సింది అదే. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు, బయాప్సీ ఉంటే అది, ఏ మందు పడలేదో రాసిన కాగితం, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. పాత జలుబు, జ్వరం చీటీలు వదిలేయండి. ఇన్సూరెన్సుకో పన్నుకో అక్కర్లేని బిల్లులు కూడా వద్దు. పదేళ్ల షుగరు పరీక్షలున్నా ఒక్కొక్కటీ స్కాన్ చేసే బదులు తేదీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది) విలువలు ఒక పట్టికలో రాసి, గత రెండేళ్ల కాగితాలు మాత్రం స్కాన్ చేస్తే డాక్టరుకు అదే ఎక్కువ ఉపయోగం. పట్టికలో యూనిట్లు కూడా రాయండి. విటమిన్ డి లాంటివాటిని ఒక ల్యాబు ఒక యూనిట్‌లో, ఇంకోటి ఇంకో యూనిట్‌లో ఇస్తే పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు అనవసరంగా హడలిపోతారు.

స్కాన్ స్పష్టతకు 300 డీపీఐ చాలు. ఒక రిపోర్టుకు ఎన్ని పేజీలున్నా అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా చేయండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనూ, ఐఫోన్ నోట్స్‌లోనూ స్కాన్ చేసే వీలుంది. ఊరూ పేరూ లేని స్కానర్ యాప్‌లు వద్దు. కొన్ని మీరు తీసిన ప్రతి పేజీనీ వాళ్ల సర్వరుకు ఎక్కిస్తాయి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాయండి: 2024-03-14, ఎకో, ఆస్పత్రి పేరు. అప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. రాయాల్సింది పరీక్ష జరిగిన తేదీ, స్కాన్ చేసిన తేదీ కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అప్పుడు పదేళ్ల చరిత్ర అంతా ఒకే ఆదివారం జరిగినట్టు కనిపిస్తుంది.

ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే ఒక్క పేజీ మాత్రం తప్పక తయారు చేయండి. నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, జబ్బులు, అవి మొదలైన సంవత్సరాలు, స్టెంట్లు ఎప్పుడు ఎక్కడ వేశారో, పడని మందులు, ఇప్పటి మందులు, చివరి మూడు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ విలువలు, చూస్తున్న డాక్టర్ల పేర్లు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. మందుల దగ్గర కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు, మోతాదు, పూటలు కూడా రాయండి. అడుగున 'ఈ తేదీ నాటికి' అని రాయడం మరవకండి. తేదీ లేని మందుల జాబితాను ఏ డాక్టరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకున్నాను. యాప్ తెరిస్తే ఒక్క రిపోర్టూ లేదు. గత ఏడాది మూడు ఆస్పత్రులకు వెళ్లాను. నా రికార్డులన్నీ ప్రభుత్వం దగ్గర చేరుతాయని విన్నాను, మరి అవేవి? — మియాపూర్

విన్నది సరికాదు. ఆభా నంబరు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ (ఏబీడీఎం) 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. నేషనల్ హెల్త్ అథారిటీ దీన్ని నడుపుతుంది. ఇందులో మీ రిపోర్టులన్నీ ఒక గోదాములో పోగుపడవు. ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రి కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఆభా అంటే ఆ రికార్డులు మీవేనని గుర్తించే 14 అంకెల నంబరు, మీరు ఒప్పుకుంటే వాటిని రప్పించే దారి. అంతకుమించి ఏమీ కాదు. నంబరుతో పాటు 'ఎట్ ఏబీడీఎం' అని ముగిసే ఆభా అడ్రస్ కూడా ఉంటుంది. రికార్డులు ముడిపడేది ఆ అడ్రస్‌కే. మీకు తెలియకుండా రెండు అడ్రస్‌లు ఉండే వీలుంది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఒకటి, మీరు యాప్‌లో ఇంకొకటి చేసుకుని ఉంటే రిపోర్టులు ఒకదానికి వెళ్తాయి, మీరు చూసేది ఇంకొకదాన్ని.

యాప్ ఖాళీగా ఉండటానికి మామూలు కారణాలు నాలుగు. ఆ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఈ వ్యవస్థతో కలిసి ఉండకపోవచ్చు. అప్పుడు మీరు చేయగలిగిందేమీ లేదు, కాగితం అడిగి తీసుకోవడమే. రెండోది, ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకున్నారు కాబట్టి అంతా ముడిపడిందని అనుకోవడం. ఆ స్కాన్ మీ పేరు, వయసు, చిరునామా కౌంటర్‌కు పంపుతుంది. క్యూలో నిలబడి చెప్పే బాధ తప్పుతుంది. రిపోర్టు మీ యాప్‌లోకి రావాలంటే ఆస్పత్రి ఆ రోజు రికార్డును మీ ఆభాకు జతచేయాలి, అది వేరే పని. మూడోది, వివరాలు కలవకపోవడం. యాప్‌లో ఆస్పత్రి పేరు వెతికి రికార్డులు అడిగినప్పుడు అది మీ పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబరు పంపి పోల్చి చూస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఆస్పత్రిలో వెనకుంది. వయసు అడిగితే 'ఓ యాభై రాసుకోండి' అన్నారు. ఇలాంటి చోట్లే అది ఆగిపోతుంది. నాలుగోది అన్నిటికంటే ఎక్కువ: పాత ఫోన్ నంబరు. ఓటీపీ ఆస్పత్రిలో రాయించిన నంబరుకే వెళ్తుంది. బస్తీ దవాఖానాలో పరీక్షలకు రక్తం ఇచ్చినప్పుడు పక్కింటివాళ్ల నంబరో, మనవడి నంబరో చెప్పి వచ్చేవాళ్లు ఎంతమందో. ఆధార్ కార్డు, ఓపీ చీటీ పట్టుకెళ్లి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనే పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ సరిచేయించండి. తర్వాత యాప్‌లో ఆస్పత్రి పేరు వెతికి, వాళ్లిచ్చిన రోగి నంబరు కూడా వేసి మళ్లీ ప్రయత్నించండి.

ఇక అనుమతి సంగతి. ఏదైనా ఆస్పత్రి మీ పాత రికార్డులు అడిగితే యాప్‌లో అభ్యర్థన కనిపిస్తుంది. అందులో ఎవరు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంతకాలం ఉంచుకుంటారు అనేవి ఉంటాయి. ఒప్పుకునే ముందు వీటిని మీరు కుదించవచ్చు. పంటి డాక్టరుకు పదేళ్ల రికార్డులు ఎందుకు? ఆరు నెలలవి చాలు. తర్వాత అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, కాని అది ఇకముందు రాబోయేవాటినే ఆపుతుంది. అప్పటికే వాళ్లు చూసి రాసుకున్నది మీరు బటన్ నొక్కగానే మాయం కాదు. అందుకే గడువు తేదీని మొదటే దగ్గరగా పెట్టడం మేలు. ఆభా స్వచ్ఛందం. లేదన్న కారణంతో వైద్యం ఆపకూడదు. వద్దనుకుంటే ఖాతా తాత్కాలికంగా ఆపేయవచ్చు, పూర్తిగా తీసేయనూవచ్చు. సందేహాలకు టోల్ ఫ్రీ నంబరు 1800 11 4477.

ల్యాబువాళ్లు రిపోర్టు వాట్సాప్‌లో పంపుతున్నారు. అందులోనే ఉంచేస్తే సరిపోదా? — దిల్‌సుఖ్‌నగర్

సరిపోదు. దారిలో ఎవరూ చదవకుండా వాట్సాప్ తాళం వేస్తుంది, నిజమే. చేరిన తర్వాతే గొడవంతా. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఉంటే ఫోటో రూపంలో వచ్చిన రిపోర్టు గ్యాలరీలోకి, అక్కణ్నుంచి ఫోటోల బ్యాకప్‌లోకి పోతుంది. పెళ్లి ఫోటోలు చూపిస్తుంటే మధ్యలో రిపోర్టు కూడా వస్తుంది. డౌన్‌లోడ్ చేయకుండా వదిలేస్తే కొంతకాలం తర్వాత తెరుచుకోదు, మళ్లీ పంపమని అడుక్కోవాలి. చాట్ బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ తాళం దానంతటది ఉండదు, సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ దగ్గర మీరే ఆన్ చేయాలి. మీరు ఎవరికైనా పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి, 1.8 కాస్తా 1.3లా కనిపిస్తుంది.

రిపోర్టు పీడీఎఫ్‌కు ల్యాబు పెట్టే పాస్‌వర్డ్ చాలాసార్లు పేరులో నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. దాన్ని తాళం అనుకోవడానికి లేదు.

అమ్మ ఎమ్మారై సీడీ ఇచ్చారు. మా ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. ఆస్పత్రి పంపిన లింకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. ఫిల్ము ఫోటో తీసి పంపితే రెండో అభిప్రాయానికి సరిపోతుందా? — కూకట్‌పల్లి

రిపోర్టు అంటే రేడియాలజిస్టు రాసిన మాటలు, ఫిల్ము అంటే వాళ్లు ఎంచి ముద్రించిన కొన్ని బొమ్మలు. అసలు స్కాను సీడీలో ఉంటుంది. అందులో వందల బొమ్మలుంటాయి, డైకామ్ అనే ఫార్మాట్‌లో. నిమ్స్ ఆస్పత్రిలో చూపించినా, ముంబై పంపినా న్యూరోసర్జన్ అడిగేది దాన్నే. ఆ బొమ్మల వెలుతురు, కాంట్రాస్ట్ మార్చుకుంటూ ఒక్కో పొరా జరుపుకుంటూ చూస్తారు. ఫిల్మును కిటికీకి ఆనించి తీసిన ఫోటోలో అది కుదరదు.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, లేదా కంప్యూటర్ షాపులో మీ ముందే కాపీ చేయించండి. కాపీ చేసేటప్పుడు సీడీలో ఉన్న మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒక ఫోల్డర్లోకి తీసుకోవాలి. 'డైకామ్‌డిర్' అనే ఫైలు కనిపిస్తుంది, అది విషయసూచిక. మిగతా ఫైళ్లకు పేర్ల చివర ఏమీ ఉండకపోవచ్చు, చెత్త అనుకుని తీసేయకండి, పేర్లు మార్చకండి. మారిస్తే సూచిక వాటిని కనుక్కోలేదు. సీడీతో పాటు వచ్చే చిన్న ప్రోగ్రాం నడపక్కర్లేదు. విండోస్‌లో రేడియంట్, మ్యాక్‌లో హోరోస్, దేనిలోనైనా వీసిస్ లాంటి వ్యూయర్ పెట్టి ఫోల్డర్ తెరవండి. అమ్మ పేరు, తేదీ, అన్ని సిరీస్‌లూ కనిపిస్తున్నాయా చూసి, ఆ తర్వాతే ఫోల్డర్‌ను జిప్ చేసి దాచండి. ఎక్స్‌రే కొన్ని ఎంబీలే ఉంటుంది గాని, సీటీ, ఎమ్మారైలు వందల ఎంబీలు, కొన్నిసార్లు జీబీ దాటుతాయి.

లింకు విషయంలో ఇక చేయాల్సింది ఫోన్ చేసి మళ్లీ అడగడమే. ఆ లింకులకు గడువుంటుంది. వచ్చిన రోజే దించుకోవాలి. గీతలు పడ్డ సీడీ, కాపీ సరిగా రాయని సీడీ కూడా తరచూ ఎదురవుతాయి. కౌంటర్ దగ్గర్నుంచి కదిలే ముందు వాళ్ల కంప్యూటర్‌లోనే ఒకసారి తెరిచి చూపించమనండి.

ఇంకో సంగతి. డైకామ్ ఫైలు లోపల పేరు, పుట్టిన తేదీ, రోగి నంబరు రాసి ఉంటాయి. ఫోల్డర్ పేరు మార్చినంత మాత్రాన అవి పోవు. తెలియనివాళ్లకు పంపేటప్పుడు వ్యూయర్‌లో ఉండే అనానిమైజ్ (పేరు, వివరాలు తీసేసే) సౌకర్యం వాడి పంపండి.

గూగుల్ డ్రైవ్ మంచిదా, పెన్ డ్రైవ్ మంచిదా? ఫైళ్లకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ అంటారు కదా, రిటైరైనవాళ్లు సొంతంగా చేసుకోగలరా? — ఏఎస్ రావు నగర్

రెండూ కావాలి, ఒక్కోటి ఒక్కో రకంగా పాడవుతుంది. పెన్ డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశంగా నిలబడి ఉంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే అది జారిపోవచ్చు. హార్డ్ డిస్క్ కింద పడితే పోతుంది. డ్రైవ్ ఖాతా పాస్‌వర్డ్ పోతే పోతుంది. అందుకే మూడు కాపీలు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్ డ్రైవ్ లేదా హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంటి బయట. ఇంటి బయటది క్లౌడ్ కావచ్చు, అమ్మాయి ఇంట్లో ఉంచిన ఇంకో డిస్క్ కావచ్చు. ఆరు నెలలకోసారి పెన్ డ్రైవ్ పెట్టి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి. పని అయ్యాక తీసేయండి. కంప్యూటర్‌కు ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ తగిలితే, అతికించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు. క్లౌడ్ కాపీ ఉంది కదా అని ధీమా వద్దు, గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించిన పీడీఎఫ్‌ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులే ఉంటాయి.

జాగా లెక్క తేలికే. కలర్‌లో స్కాన్ చేసిన ఏ4 పేజీ దాదాపు ఒక ఎంబీ లోపు వస్తుంది. రెండు వందల పేజీలున్నా 200 ఎంబీ. ఎమ్మారైలు, సీటీలు ఉంటే 64 జీబీ పెన్ డ్రైవ్ తీసుకోండి. కొనగానే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి, ఎందుకంటే పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. 'డిస్క్‌లో జాగా ఉన్నా నిండిందంటోంది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం.

డ్రైవ్‌లో పెట్టిన ఫైళ్లను గూగుల్ తాళం వేసే ఉంచుతుంది, కాని తాళంచెవి గూగుల్ దగ్గరుంటుంది. మామూలు కుటుంబానికి అసలు ప్రమాదం గూగుల్ సర్వరు నుంచి రాదు, మీ ఖాతాలోకి ఎవరైనా దూరడం వల్ల వస్తుంది. కాబట్టి మొదటి పని రెండు దశల వెరిఫికేషన్. ఎస్సెమ్మెస్ కన్నా ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసేది) లేదా పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ వేలిముద్ర, పిన్‌తో తెరిచేది) మెరుగు. గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని ప్రింటు తీసి ఇంటి దస్తావేజుల దగ్గర పెట్టండి. ఫోన్ పోయిన రోజు ఖాతాలోకి తీసుకెళ్లేది ఆ కాగితమే. పాత సిమ్ వాడటం మానేస్తే ముందు అన్ని ఖాతాల్లో నంబరు మార్చండి. రద్దైన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్లకు పోతుంది.

చెవి మీ దగ్గరే ఉండాలనుకుంటే క్రిప్టోమేటర్ అనే ప్రోగ్రాం వాడండి. డ్రైవ్ ఫోల్డర్లో ఒక ఖజానా తయారు చేస్తుంది. అందులో వేసిన ప్రతి ఫైలుకూ విడిగా తాళం పడి క్లౌడ్‌లోకి వెళ్తుంది. సెటప్ చేసేటప్పుడు రికవరీ కీ చూపిస్తుంది, రాసుకోండి. పాస్‌వర్డూ కీ రెండూ పోతే ఆ కంపెనీ కూడా తెరవలేదు. ఎన్‌క్రిప్షన్ అంటే అదే. పెన్ డ్రైవ్‌కు వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాం బాగుంటుంది, ఉచితం, ఏఈఎస్ 256 అనే గట్టి తాళం పద్ధతి వాడుతుంది. కాని దాని డబ్బా ఒకే పెద్ద ఫైలు. క్లౌడ్‌లో పెడితే లోపల చిన్న మార్పుకే మొత్తం మళ్లీ ఎక్కాల్సి రావచ్చు. పైగా వెరాక్రిప్ట్ మామూలుగా ఫైలు తేదీ మార్చదు కనుక, మార్పు జరిగిందని క్లౌడ్ యాప్ గమనించకుండా పాతదే ఉంచే ప్రమాదం ఉంది. దీనికి ఫోన్ యాప్ కూడా లేదు. ఒకటి రెండు ఫైళ్లు పంపడానికైతే సెవెన్‌జిప్ చాలు. పాస్‌వర్డ్ పెట్టే చోట 'ఫైలు పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్' అనే గడిలో టిక్కు పెట్టండి. లేకపోతే తెరవకుండానే 'బయాప్సీ రిపోర్ట్' అని పేరు కనబడుతుంది.

పాస్‌వర్డుగా పొంతన లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో వరసగా రాయండి. ఇంటిపేరు, పుట్టినరోజు, దేవుడి పేరు వద్దు. ఎక్కడా రాయొద్దని చెప్పేవాళ్ల మాట వినకండి. డెబ్బై ఏళ్లవాళ్లకు దొంగకన్నా మరుపే పెద్ద ప్రమాదం. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అతికించి, పెన్ డ్రైవ్ ఉన్న చోట కాకుండా ఇంకో చోట పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఎక్కడుందో చెప్పండి.

విండోస్ ల్యాప్‌టాప్‌లో డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఇప్పుడే చూసి ప్రింటు తీసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో మదర్‌బోర్డు మార్పించుకుని ఇంటికొచ్చాక స్క్రీన్ మీద ఆ కీ అడిగితే అప్పుడు వెతకడం ఆలస్యం. రిపేరుకిచ్చేటప్పుడు లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతారు. రిపోర్టులు ఖజానాలో ఉంటే ఇవ్వడానికి భయపడక్కర్లేదు.

ఆస్పత్రిలో నా యూహెచ్ఐడీ (ఆస్పత్రి ఇచ్చే రోగి నంబరు) ఉంది. ఎప్పుడంటే అప్పుడు తీసిస్తారు కదా, మళ్లీ మనం దాచడం ఎందుకు? ఒక ఆస్పత్రి కేస్ షీట్ ఇవ్వనంటోంది కూడా. — మెహదీపట్నం

మీ ప్రశ్నలో చివరి వాక్యమే దాని ముందుదానికి జవాబు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చినవాళ్లు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటితే పారేసినా నియమావళి వాళ్లను పట్టుకోదు. సర్వర్లూ ఆగుతాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆస్పత్రిలో రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిచాయి.

అడగడం నోటితో వద్దు, మెడికల్ సూపరింటెండెంట్ పేరున దరఖాస్తు రాయండి. రోగి పేరు, రోగి నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, రోగితో బంధుత్వం. 'రికార్డులన్నీ' అని రాయకండి, డిశ్చార్జి సమ్మరీ ఇంకోసారి చేతిలో పెట్టి పంపుతారు. విడివిడిగా రాయండి: కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, అనస్తీషియా రికార్డు, మందుల చార్టు, నర్సుల చార్టు, పరీక్షల రిపోర్టులు, ఇంప్లాంట్ స్టిక్కర్లు. క్యాన్సర్ కేసైతే బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు కూడా. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోటికి వెళ్తే వాటిని మళ్లీ చదివించడం మామూలే. దరఖాస్తు కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 72 గంటల లెక్కకు ఆధారం ఆ ముద్రే. జిరాక్సుల ఖర్చు అడగవచ్చు, కట్టండి. ఇవ్వకపోతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు గాని, వినియోగదారుల కమిషన్‌కు గాని వెళ్లవచ్చు.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మా ఇద్దరి రిపోర్టులూ వాడే చూస్తానంటాడు. ఓటీపీలు మాత్రం మా ఫోన్లకు వస్తాయి. ఏది తేలిక? — అల్వాల్

ఆభా యాప్ పని మీ ఫోన్‌లోనే ఉంచి, ఫైళ్లు మాత్రం డ్రైవ్ ఫోల్డర్ ద్వారా చూపించండి. షేర్ చేసేటప్పుడు 'లింకు ఉన్న ఎవరైనా' అన్నది ఎంచకండి. అబ్బాయి ఈమెయిల్ పేరు పెట్టి, చూడటానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. లింకు ఒకసారి బంధువుల గ్రూపులో పడితే అది ఎన్ని ఫోన్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఫైళ్లు ఎక్కించే పని ఒక్కరే చేయాలి. అక్కడ అబ్బాయి, ఇక్కడ మీరు ఇద్దరూ ఎక్కిస్తుంటే ఒకే రిపోర్టు రెండు పేర్లతో చేరుతుంది, మూడు నెలలకు ఏది కొత్తదో తెలియదు.

గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. కొన్ని నెలలు ఖాతా వాడకపోతే ఎవరికి ఏం అందాలో ముందే రాసి పెట్టవచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది, అది మన తర్వాత మన ఖాతాను ఎవరు చూడాలో చెబుతుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మన తర్వాత మన హక్కులు చూసుకోవడానికి ఒకరిని నామినీగా పెట్టుకునే వీలు కల్పించింది.

ఆభా కార్డు అప్రూవ్ చేస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగారు, యాప్ ఫైలు కూడా వాట్సాప్‌లో పంపారు. — ఎల్బీనగర్

మోసం. ఆ ఓటీపీ ఆధార్‌ది కావచ్చు, బ్యాంకుది కావచ్చు. యాప్‌లు ప్లే స్టోర్, యాప్ స్టోర్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు తెరిచి ఉంటే వెంటనే నెట్ ఆపేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి, 1930కి ఫోన్ చేయండి.

మానసిక వైద్యం తీసుకుంటున్నాను. ఆఫీసు వాళ్ల హెల్త్ చెకప్ యాప్ రికార్డులన్నీ జతచేయమంటోంది. — గచ్చిబౌలి

జతచేయకండి. ఆ చెకప్‌కు కావలసినది ఆ రోజు పరీక్షలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాల గోప్యతకు హక్కునిచ్చింది. హెచ్ఐవీ విషయంలో అదే ఏడాది వచ్చిన చట్టం ఉంది. అయితే చట్టాన్ని చూపించి హెచ్ఆర్‌తో వాదించే కన్నా, ఈ రికార్డులను వేరే ఫోల్డర్లో, వేరే పాస్‌వర్డ్‌తో ఉంచడం సుఖం. అనుమతి ఇవ్వక తప్పకపోతే రికార్డు రకం, తేదీలు కుదించి ఇవ్వండి. ఇన్సూరెన్సు ప్రపోజల్ ఫారం మాత్రం వేరు. అక్కడ అడిగిన జబ్బు దాచితే తర్వాత క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

స్పృహ లేని స్థితిలో 108 వాళ్లు వస్తే తాళం వేసిన ఈ రికార్డులన్నీ ఎవరికి ఉపయోగం? — బోయిన్‌పల్లి

అందుకు తాళం లేనిది కొంచెం బయట ఉంచాలి. ఐఫోన్ హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ నింపి, ఫోన్ లాక్ అయినా కనిపించే ఆప్షన్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ దగ్గర ఉంటుంది. పడని మందులు, షుగరు, రక్తం పలచబడే మందు వాడుతున్న సంగతి, స్టెంటో పేస్‌మేకరో ఉంటే అది, ఇద్దరి ఫోన్ నంబర్లు. అంతే, ఆధార్ నంబరు వద్దు. అదే కాగితం మీద రాసి పర్సులో కూడా పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉండవచ్చు. బ్లడ్ గ్రూపు ల్యాబు రిపోర్టు చూసి రాయండి, గుర్తున్నది రాయకండి. ఎలాగూ రక్తం ఎక్కించే ముందు ఆస్పత్రివాళ్లు మళ్లీ పరీక్ష చేస్తారు.